విలేజ్ వాన్‌గార్డ్‌కి ఏ రోజు వెళ్తే మంచిది?

ప్రశ్న: ఎడిసన్ నుంచి నలుగురం న్యూయార్క్ వెళ్లి విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్బులో జాజ్ వినాలనుకుంటున్నాం. సోమవారమా, వారాంతమా? ఎక్కడ కూర్చోవాలి?

జవాబు: సోమవారం వాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రాది, 16 మంది. 1966 నుంచీ ఆ రాత్రి వాళ్లదే. మంగళవారం నుంచి ఆదివారం దాకా మామూలుగా ఒకే బృందం వాయిస్తుంది, ఆ వారం ఎవరో చూసుకుని టికెట్ ముందే కొనండి. ఉన్నవి 123 సీట్లే. రాత్రికి రెండు సెట్లు, అంటే రెండు విడి ప్రదర్శనలు, 8కి, 10కి. పెన్ స్టేషన్‌లో 1, 2, 3 నంబరు సబ్‌వే రైళ్లలో ఏదెక్కినా 14వ వీధిలో దిగొచ్చు.

జవాబు: సీటు నంబర్లుండవు. నలుగురూ పక్కపక్కన కూర్చోవాలంటే తలుపులు తీసే 7కల్లా లైన్లో ఉండండి. గది త్రికోణం, స్టేజీ దాని కొసన. ఆర్కెస్ట్రా రోజు ముందు వరుస వద్దు, సాక్సోఫోన్లే చెవుల్లో మోగుతాయి, వెనక ట్రంపెట్లు వాటితో సరిగా కలవవు. మధ్యలో కూర్చోండి. ముగ్గురే వాయిస్తుంటే మాత్రం ముందు వరుసే!

జవాబు: తిని వెళ్లండి, లోపల తిండి దొరకదు. తలకో డ్రింక్ తప్పనిసరి. వాయిస్తున్నంతసేపూ ఫోను, ఫోటోలు కుదరవు. మన కచేరీలో తని ఆవర్తనానికి కొట్టినట్టే ఇక్కడ ప్రతి సోలోకీ (ఒక్కరే ముందుకొచ్చి వాయించే భాగానికి) పాట మధ్యలోనే చప్పట్లు కొడతారు. బాస్ (మంద్రంగా మోగే పెద్ద తీగల వాయిద్యం) సోలో అప్పుడు గుసగుసలు కూడా వద్దు, గదంతా వినిపిస్తాయి.