మాస్టర్ ప్లాన్‌లో రంగులు వేసే ముందు ఊళ్ళ స్వరూపం రాసుకోవాలా? (ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు)

తాటితోపు:
విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ మాస్టర్ ప్లాన్ మ్యాపులో మా పక్క పల్లపు పొలం, మెట్ట, గెడ్డ (వాగు), జీడితోట అన్నిటికీ ఒకటే ఆకుపచ్చ. ఇంగ్లండులో దేశాన్ని 159 ప్రాంతాలుగా విడదీశారు. ఒక్కోచోట నేల ఏది, రాయి ఏది, ఇళ్ళు గుంపుగా ఉన్నాయా చెదురుగా ఉన్నాయా, అక్కడివాళ్ళు దేన్ని తమదనుకుంటారు, అన్నీ రాసిపెట్టారు. లేఅవుటో రోడ్డో వస్తే అది ముందేసుకుని చూస్తారు. వీఎంఆర్‌డీఏ కూడా అలా చెయ్యాలని నా వాదన.

సెంటుభూమి:
తాటిచెట్లు లెక్కపెట్టడానికి కూడా కన్సల్టెంటా? కానివ్వండి.

మెట్టరైతు:
తాటితోపు గారూ, తమరుండేది ఎంవీపీ కాలనీలోనా మధురవాడలోనా? మధురవాడ కూడా ఒకప్పుడు పల్లెటూరే. అప్పుడెవరూ స్వరూపం రాయలేదు, మీకు ఫ్లాటు దొరికింది. మా వంతు వచ్చేసరికి అందం గుర్తొచ్చింది.

తాటితోపు:
అందం అన్నానా నేను? ఎక్కడన్నానో చూపించండి. ఈ పద్ధతిలో అసలు సూత్రమే అది: ముందు ఉన్నది ఉన్నట్టు రాయాలి, మంచిచెడ్డలు తర్వాత విడిగా తేల్చుకోవాలి. మన దగ్గర కొండ వాలు మీద పడ్డ వాన గెడ్డలో పడి, ఒక చెరువు నిండి కిందిదాంట్లోకి పోతుంది. ఆ వరస మీదే ఊళ్ళు కూర్చున్నాయి. సర్వే నంబర్ల వారీగా చూస్తే ఈ వరస ఏ కాగితంలోనూ కనపడదు.

మెట్టరైతు:
గెడ్డ సంగతి నాకు చెప్తున్నారా! మా చేనుకి ఎగువన ఓ లేఅవుటోళ్ళు గెడ్డని గ్రావెల్‌తో పూడ్చి, కింద రెండు సిమెంటు తూములు పెట్టారు. నడుము లోతు గెడ్డకి రెండు తూములు! వానకి చెత్త అడ్డంపడి నీళ్ళు మళ్ళీ మా వరిమడిలోకే. ఆఫీసుకెళ్తే ప్లానులో గెడ్డే లేదన్నారు.

తాటితోపు:
నేను చెప్పేదీ అదేగా!

మెట్టరైతు:
అదే కాదు. మీరు తాటిచెట్లతో మొదలెట్టారు.

సెంటుభూమి:
ఎవరండీ తాటిచెట్లు అన్నది? నేను.

భీమిలి_గాలి:
భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలకి జీఎస్ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) గుర్తింపు ఉంది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. అంత పేరున్నా 2024లో పక్కన నేల చదును చేస్తున్నారని గొడవ పడాల్సొచ్చింది. పేరు లేని పొలాన్ని మీ కాగితం కాపాడుతుందా?

తాటితోపు:
పేరు లేనివాటి కోసమే ఇది. 2000లో ఫ్లోరెన్స్‌లో నేల స్వరూపం (ల్యాండ్‌స్కేప్) మీద యూరప్ దేశాలు చేసుకున్న ఒప్పందం మామూలు పల్లెలకీ, పాడైపోయిన నేలలకీ కూడా వర్తిస్తుంది. దిబ్బలకైతే అడిగేవాళ్ళున్నారు. మామూలు మెట్టకి ఎవరున్నారు?

మెట్టరైతు:
మెట్టకి నేనున్నాను! పట్టా నా పేరున ఉంది. రోడ్డుకి అటు పక్కన రిసార్టుకి పర్మిషన్ వచ్చింది, ఇటు నాది గ్రీన్ జోన్, కట్టడానికి లేదు. వీకెండుకి మీరు కారాపి ఫొటో తీసుకోవాలని నా పిల్ల పెళ్ళి ఆపుకోవాలా?

తాటితోపు:
ఇది అన్యాయం. నేను మీ పెళ్ళి మాట ఎత్తానా?

పాతఫైలు:
ఆగండి ఇద్దరూ. టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి దిగినవాణ్ణి. ఇంగ్లండు కథలో సగమే చెప్పారు. 1947 చట్టంతో అక్కడ భూమి మీద కట్టుకునే హక్కు సర్కారు చేతికి పోయింది. నష్టపోయేవాళ్ళ కోసం 30 కోట్ల పౌండ్ల నిధి అనుకున్నారు. సరిపోయిందా అన్నది వేరే మాట. స్వరూపం రాసుకోవడం అంతా తర్వాతి ముచ్చట. మన దగ్గర గ్రీన్ పడితే రైతుకి పైసా రాదు, రియల్ ఎస్టేటోడు మాత్రం భూ వినియోగ మార్పిడి చేయించుకుంటాడు.

మెట్టరైతు:
చూశారా. డబ్బు సంగతి ఇందాకట్నుంచీ ఎందుకు చెప్పలేదు తాటితోపు గారూ? రాయడంతో నాకు పేచీ లేదు. రాసినాక ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటుందన్నదే పేచీ.

తాటితోపు:
పరిహారం వేరే చట్టం. రెండూ కలిపితే ఏదీ జరగదు. ముందు గెడ్డలైనా కాగితం మీదకి రానివ్వండి.

మెట్టరైతు:
గెడ్డకి రాళ్ళు పాతండి, నేనే దగ్గరుండి చూపిస్తాను. నా చేను పక్కన మాత్రం ఏం రాస్తారో ఇప్పుడే ఇక్కడ చెప్పండి.

సెంటుభూమి:
ఆ రిసార్టు ఏ సర్వే నంబరండీ?