సూపర్‌హీరో సినిమాల్లో జోకులు ఎక్కువయ్యాయా, మనకే మొహం మొత్తిందా?

నిశాచరుడు:
'థోర్: రాగ్నరాక్' (2017) క్లైమాక్స్ గుర్తుందా? థోర్ పుట్టిన దేవతల రాజ్యం అస్గార్డ్ మొత్తం బూడిదవుతుంటుంది. బతికి బయటపడ్డ జనం ఓడలో నిలబడి సొంత ఊరు తగలబడటం చూస్తుంటారు. కోర్గ్ అనే రాతిమనిషి "పునాదులు గట్టిగా ఉంటే చాలు, మళ్ళీ కట్టుకోవచ్చు" అన్నట్టు ఓదారుస్తాడు. అంతలోనే పునాదులతో సహా అంతా పేలిపోతుంది. "అయ్యో, అవి కూడా పోయాయి, సారీ" అంటాడు.

జోకు పేలింది, కాదనను. కానీ ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్ళకి సినిమా ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు. 'డాక్టర్ స్ట్రేంజ్' (2016)లోనూ ఇదే వరస. గురువు చనిపోయింది, హీరో కంట్లో నీళ్ళు. భుజాన ఉన్న మాయవస్త్రం కాలరుతో అతని చెంప తుడుస్తుంది, "ఆపు" అంటాడు. నవ్వేశాం, ఆవిడ సంగతి మర్చిపోయాం.

జోకులు ఎన్ని అన్నది కాదు నా బాధ. తాను చూపించే దుఃఖాన్ని తానే నమ్మనట్టు, మన గొంతు పూడుకునేలోపే సినిమా వెటకారంలోకి దూకేస్తోంది. దానికి తోడు చివరి పోరాటం ఎప్పుడూ ఒకే అచ్చు: ఆకాశానికో కన్నం, అందులోంచి ముఖాల్లేని సైన్యం, ఒక్క మీట నొక్కితే అందరూ ఒకేసారి కూలిపోవడం.

పాతకామిక్స్:
నిశాచరుడు గారూ, స్పైడర్‌మ్యాన్ 1962లో పుట్టినప్పటి నుంచీ ఒకపక్క కొడుతూ ఇంకోపక్క వెటకారాలు ఆడుతూనే ఉన్నాడు. లోపల వణికిపోయే కుర్రాడికి నోరే ధైర్యం. 1978 'సూపర్‌మ్యాన్'లో విలన్ లెక్స్ లూథర్, అతని అసిస్టెంట్ ఓటిస్ చేసేది అచ్చంగా కామెడీ ట్రాకే. ఇదంతా మార్వెల్ సినిమాల వరసకి మొదటిదైన 'ఐరన్ మ్యాన్' (2008)తో అంటుకున్న జబ్బులా మాట్లాడితే ఎలా? ఇక ఫార్ములా అంటారా, ఇంటర్వెల్ బ్యాంగ్, సెకండాఫ్‌లో ఫ్లాష్‌బ్యాక్ లేని మాస్ సినిమా మీరు ఎప్పుడు చూశారో చెప్పండి.

జనానికి అంత మొహం మొత్తితే, జోకుల మీదే నడిచే 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' 2024లో 130 కోట్ల డాలర్లు దాటి ఎలా వసూలు చేసింది?

కరీంనగర్ పోరడు:
పాతకామిక్స్ అన్నకే నా ఓటు. రోజంతా ఆఫీసులో టెన్షన్ పడి, పాప్‌కార్న్‌కి టికెట్ కంటే ఎక్కువ పెట్టి కూర్చునేది ఏడవడానికా అన్నా?

నిశాచరుడు:
తమ్ముడూ, ఏడిపించమని ఎవరన్నారు? మన పాత సినిమాల్లో కామెడీ ట్రాక్ లేదా? బోలెడంత ఉండేది. కానీ హీరో తల్లి చనిపోయే సీన్లోకి బ్రహ్మానందం వచ్చేవారు కాదు. ఎవరి చోటు వాళ్ళది. ఆ ట్రాకులు కథకి అడ్డమని తిట్టుకునేవాళ్ళం కానీ, ఒక మర్యాద ఉండేది వాటికి.

పాతకామిక్స్ గారూ, స్పైడర్‌మ్యాన్ విషయం ఒప్పుకుంటాను. వాడు కుర్రాడు కాబట్టి అలా మాట్లాడతాడు. మరి మంత్రగాడు, దేవుడు, శాస్త్రవేత్త, రాకూన్ అనే జంతువు అందరూ ఒకే గొంతుతో ఎందుకు మాట్లాడుతున్నారు? పేర్లు చెరిపేసి డైలాగులు చేతికిస్తే ఎవరిది ఏదో చెప్పగలరా?

డబ్బింగ్ గది:
నాది హైదరాబాద్‌లో డబ్బింగ్ పని. ఒక చిన్న సంగతి గమనించండి. మాస్కు ఉన్న పాత్రకి లిప్ సింక్ గొడవ లేదు. పెదవులే కనిపించనప్పుడు షూటింగ్ అయిపోయాక కూడా ఏ మాటైనా పెట్టుకోవచ్చు. డెడ్‌పూల్ మాటలు చాలావరకు అలా తర్వాత మార్చి రికార్డు చేసినవే. మాస్కు లేకపోయినా పాత్ర అటు తిరిగి ఉన్న షాట్ దొరికితే చాలు. టెస్ట్ షోలో (విడుదలకి ముందు కొందరికి వేసి చూపించే ఆటలో) ఒక సీను నీరసంగా అనిపించిందనుకోండి, మళ్ళీ షూట్ చేయాలంటే సెట్టు, డేట్లు, డబ్బు. వీపు మీద ఒక జోకు అతికించాలంటే నటుడు మైకు ముందు నిలబడితే సరిపోతుంది. అలా చేర్చిన మాటలు తెలిసిపోతుంటాయి, గొంతు దగ్గరగా వినిపిస్తుంది, మనిషేమో దూరంగా ఉంటాడు.

ఫైట్లు ఒకేలా ఉండటానికి కారణం కూడా పనితీరులోనే ఉంది. పెద్ద యాక్షన్ సీన్లని షూటింగ్‌కి చాలా ముందే కంప్యూటర్‌లో బొమ్మల సినిమాలా తయారుచేసి పెట్టుకుంటారు, ప్రీవిజ్ అంటారు. గ్రాఫిక్స్‌కి టైం కావాలి కాబట్టి క్లైమాక్స్ ముందే ఖాయమైపోతుంది, దానికి తగ్గట్టు కథ తర్వాత సర్దుకుంటుంది. రచయితని ఒక్కడినే తిట్టకండి.

గోదారి గట్టు:
జోకుని బాధలో కలిపితే చెడిపోతుందన్న మాట నేను ఒప్పుకోను. 'ఇన్ఫినిటీ వార్' (2018)లో థోర్, ఆ రాకూన్ రాకెట్ మాట్లాడుకునే సీను చూడండి. తమ్ముడు పోయాడు, తల్లి పోయింది, తండ్రి పోయాడు, ప్రాణస్నేహితుడు పోయాడు. థోర్ నవ్వుతూనే లెక్క చెబుతాడు, కళ్ళు మాత్రం నిండిపోతుంటాయి. ఇంకేం పోతుంది నాకు అంటాడు. ఆ నవ్వే లేకపోతే సీను సగానికి పడిపోతుంది. రాకెట్ కూడా ఓదార్పు రాని మనిషి కదా (మనిషి కాదనుకోండి), వాడి మోటుతనం అక్కడ భలే కుదిరింది.

కానీ అదే థోర్‌ని 'లవ్ అండ్ థండర్' (2022)లో ఏం చేశారో చూశాం. ప్రేమించిన జేన్‌కి క్యాన్సర్ నాలుగో దశ. ఇటు తిరిగితే అరిచే మేకలు. మేకలు ఒకసారి అరిస్తే నవ్వొచ్చు, సినిమా పొడవునా అరుస్తూనే ఉన్నాయి.

పాతకామిక్స్:
మేకల విషయంలో నేను నోరెత్తను.

అయితే మీరంతా రెండు ఫిర్యాదులని ఒకటిగా కలిపేస్తున్నారు. జోకులు తీసేస్తే ఫార్ములా పోతుందా? దీనికి చేతిలో ఉన్న రుజువు 'జస్టిస్ లీగ్'. 2017లో థియేటర్‌కి వచ్చింది రెండు గంటల సినిమా, మొదటి దర్శకుడు జాక్ స్నైడర్ చోటులోకి జాస్ వీడన్ వచ్చి రీషూట్లు చేసి జోకులు దట్టించాడు. ఫ్లాష్ అనే హీరో వెళ్ళి హీరోయిన్ వండర్ వుమన్ మీద పడే చౌకబారు సీను కూడా అందులోదే. 2021లో స్నైడర్ తన వెర్షన్ ఇచ్చాడు, నాలుగు గంటలు, ఆ వెకిలితనం లేదు. మరి కథ? విలన్ వెతికే అవే మూడు మహిమల పెట్టెలు, అదే కొమ్ముల విలన్, అదే రెక్కల సైన్యం.

నిశాచరుడు:
పెట్టెలు అవే, ఒప్పుకున్నాను. కానీ ఆ హీరోల్లో ఒకడైన సైబోర్గ్ తండ్రి సంగతి? 2017 వెర్షన్‌లో ఆయన బతికే ఉంటాడు, ఆ పాత్ర ఉన్నా లేకపోయినా తేడా తెలియదు. స్నైడర్ వెర్షన్‌లో విలన్ ఎత్తుకెళ్ళే పెట్టె ఆచూకీ తెలియాలని ఆయన తన ప్రాణం ఇచ్చి దాన్ని వేడెక్కిస్తాడు. కొడుకు అద్దం అవతల నిలబడి చూస్తుంటాడు. అక్కడ ఎవరూ సెటైర్ వేయరు. ఫార్ములా అదే అయినా ఆ తండ్రి గుర్తుండిపోయాడు, నాకు కావలసింది అంతే.

కరీంనగర్ పోరడు:
అన్నా, ఆ సీను దాకా రావాలంటే సగం సినిమా దాటాలి. మా రూంలో అందరం కలిసే మొదలుపెట్టాం, అప్పటికి మెలకువగా ఉంది నేనొక్కడినే.