గుట్ట పక్క ఎకరన్నర తుప్పలు: కొట్టేయాలా, వదిలేయాలా? లెక్క చెప్పండి

అందరికీ నమస్తే. మాది పలమనేరు దగ్గర పల్లె. ఐదెకరాల్లో మూడున్నర తోతాపురి మామిడి. మిగతా ఎకరన్నర గుట్టను ఆనుకొని రాళ్లు, కానుగలు, రేగు పొదలు. నెమళ్లు, కౌజులు అక్కడే ఉంటాయి.

మా నాయన జేసీబీ పిలిపించి చదును చేసి, టమోటా పెడదామంటున్నాడు. "తుప్పలు అన్నం పెడతాయా?" అంటాడు. తప్పు పట్టలేను. రేటు పడిన ఏడాది మామిడి కోత కూలి కూడా రాలేదు మాకు. పైగా కౌండిన్య అడవి ఏనుగుల టెన్షన్ ఒకటి.

పంటా, ప్రకృతీ రెండూ నిలవడానికి పర్యావరణ శాస్త్రవేత్తలు రెండు దారులు చెబుతారు. కొంత నేలలోనే దిగుబడి బాగా పెంచి మిగతాది ప్రకృతికి వదలడం ఒకటి, పంటా పిట్టా ఒకే పొలంలో ఉండేలా సాగు చేయడం రెండోది. మొదటిదాంట్లో నాకో అనుమానం: దిగుబడితో లాభం పెరిగితే ఎవరైనా ఇంకో ఎకరం దున్నుతారు గానీ వదులుతారా? అసలు చిక్కు వేరే. తుప్పలు ఉంచితే మేలు ఊరందరిదీ, నష్టం మా ఇంటిది. కోస్టారికా అనే దేశంలో 1997 నుంచి అడవి కాపాడే భూయజమానులకు డబ్బు ఇస్తున్నారు, అదీ ఎక్కువగా ఇంధన పన్ను నుంచి.

మామిడి పూతకు పరాగం మోసే ఈగలు, తేనెటీగలు ఈ తుప్పల్లో బతుకుతాయి కదా, ఆ మేలును రూపాయల్లో ఎలా లెక్కేయాలి? మన దగ్గర పట్టా భూమిలో తుప్పలు ఉంచినందుకు ఎవరికైనా ఏదైనా డబ్బు వచ్చిందా? టమోటాకు చదును ఖర్చు, బోరు ఖర్చు పోను ఎకరాకు ఎంత మిగిలిందో, పండించినవాళ్లు దాచకుండా చెప్పండి. జేసీబీ వచ్చే వారమే.