చచ్చిన పురుగు మీది బూజులో మందుంటుందా?

ప్రశ్న: నిన్న పూలకుండీలో చచ్చిన పెంకుపురుగు కనిపించింది. సున్నం పూసినట్టు ఒళ్లంతా తెల్లటి బూజు. ఇలాంటి ఫంగస్‌ల నుంచి మందులు తీస్తారట, నిజమా? లేక వాట్సాప్ కబురా?

జవాబు 1: నిజమేనండీ. సికాడా పురుగుల మీద పెరిగే ఇసారియా సింక్లెయిరీ అనే ఫంగస్‌లో మైరియోసిన్ అనే పదార్థం దొరికింది. దాని నిర్మాణాన్ని మార్చుకుంటూ పోతే వచ్చిందే ఫింగోలిమోడ్ అనే మందు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకి 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది. పురుగు ఒంట్లో బతకాలంటే దాని రక్షణ వ్యవస్థను దాటాలి కదా, అందుకే ఈ ఫంగస్‌ల దగ్గర అంత రసాయన సరంజామా.

జవాబు 2: కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా మార్పిడి అయినవాళ్లు వాడే సైక్లోస్పోరిన్ కూడా ఈ బాపతే. దాన్నిచ్చే ఫంగస్ మొదట మట్టిలో దొరికింది. పెంకుపురుగుల లార్వాల మీద పెరిగే రూపమూ ఆ ఫంగస్‌కుందని 1990ల్లో తేలింది.

ప్రశ్నించినవారు: మరి నా కుండీలోది?

జవాబు 1: బ్యూవేరియా అనే, పురుగుల మీద పెరిగే ఫంగస్ కావచ్చు. మైక్రోస్కోప్ లేకుండా చెప్పలేం. రుచి మాత్రం చూడకండి!