ప్యాటర్న్‌కు అతుక్కుపోయిన ఫైబర్ మోల్డ్: తప్పు మైనానిదా, పెయింట్‌దా?

ఏటిగట్టు:
కాకినాడ వైపు వేటకు వెళ్లే ఫైబర్ పడవలకు ఇంజిన్ పెట్టె మూతలు చేసే చిన్న షెడ్డు మాది. కొత్త కొలత మూత కోసం ప్లైవుడ్‌తో ప్యాటర్న్ (మోల్డ్ తీయడానికి మూత ఆకారంలోనే చేసే నమూనా) కట్టి, లప్పం పట్టించి, వాటర్ పేపర్‌తో నునుపు చేసి, పైన ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ కొట్టాను. మర్నాడే మైనంగా కార్ల పాలిష్ రెండుసార్లు రుద్ది, దాని మీద మోల్డ్ అతుక్కోకుండా పూసే పీవీఏ ద్రవాన్ని బ్రష్‌తో పూస్తే, అది పొరగా పరుచుకోకుండా చుక్కలు చుక్కలుగా విడిపోయింది. పనిదినం పోతుందన్న తొందరలో దానిని పట్టించుకోక జెల్‌కోట్ (మోల్డ్‌కు నునుపైన పైపొరగా నిలిచే చిక్కని రెసిన్), రెసిన్‌తో తడిపిన గాజునార మ్యాట్ వేసేశాను. మూడో రోజు విప్పబోతే సగం వరకే వచ్చింది; మిగిలిన చోట పెయింటూ లప్పమూ మోల్డ్‌తో పాటే ఊడివచ్చాయి. మైనం ఎన్ని పూతలు వేయాలి? పీవీఏ తప్పనిసరా?

పాతమేస్త్రి:
పూతల లెక్కకు ముందు పెయింట్ సంగతి చూడండి. ఎన్‌సీ పెయింట్ అందులోని థిన్నర్ ఆవిరైపోవడం వల్ల ఆరుతుందే గాని రసాయనికంగా గట్టిపడదు. అందువల్ల పాలిస్టర్ రెసిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకం తగిలితే అది మళ్లీ మెత్తబడుతుంది. పునాదే కరిగినప్పుడు పైనున్న మైనం చేయగలిగింది ఏమీ లేదు. హార్డనర్ కలిపి వాడే పీయూ (పాలీయురథేన్) పెయింట్ కొట్టి, కనీసం వారం రోజులు ఆరనివ్వండి.

ఇక పాలిష్. కార్ల పాలిష్‌లలో చాలావాటిలో సిలికోన్ ఉంటుంది, నీటిలో కరిగే పీవీఏ దాని మీద నిలవదు. మీకు కనిపించిన చుక్కలు అవే. మోల్డ్‌ల కోసమే అమ్మే కార్నౌబా మైనం తెచ్చుకోండి. అడుగు వెడల్పు మేరకు పలుచగా రుద్ది, పొగచూరినట్టు మసకబారాక మెత్తని నూలు గుడ్డతో మెరుపు వచ్చేదాకా తుడవండి. పూతకూ పూతకూ మధ్య గంట విరామం ఇవ్వకపోతే, పై పూతలోని ద్రావకం కింది పూతను కరిగించి లేపేస్తుంది. కొత్త ప్యాటర్న్‌కు ఐదారు పూతలు వేస్తాను. ఇంత జాగ్రత్తగా వేసిన మైనం మీద నేను పీవీఏ వాడను.

రెసిన్‌డబ్బా:
మేస్త్రిగారి చివరి మాటతో నేను ఏకీభవించను. వారాల తరబడి చెక్కిన ప్యాటర్న్‌ను మొదటిసారి విప్పేటప్పుడు పీవీఏ పొర ఒక బీమా వంటిది. మైనం ఎక్కడైనా తప్పినా, ఆ పొర రెసిన్‌ను కింది ఉపరితలానికి తగలనివ్వదు. విప్పేటప్పుడు అంచులో నీళ్లు పోస్తే కరిగి దారి ఇస్తుంది. అయితే బ్రష్ గీతలు మోల్డ్‌లో అచ్చుపడతాయి కనుక స్ప్రే గన్‌తో మొదట మంచులా ఒక పూత, అది ఆరాక నిండుగా మరొకటి కొట్టాలి. వానాకాలంలో, సముద్రపు గాలిలో అది నిదానంగా ఆరుతుంది. తడి మిగిలితే జెల్‌కోట్ సరిగా గట్టిపడదు. పీవీఏ వాడిన ఉపరితలం మెరుపు కొంత తగ్గుతుంది కాబట్టి మోల్డ్‌ను తర్వాత పాలిష్ చేసుకోవాలి.

ఒక విషయం, ఎవరో నన్ను అడిగారు కనుక చెబుతున్నాను. చెక్కపనికి వాడే తెల్ల జిగురును కూడా పీవీఏ అంటారు, కాని అది పాలీవినైల్ అసిటేట్. మనకు కావలసింది పాలీవినైల్ ఆల్కహాల్. మొదటిది అతికించేది, రెండవది విడదీసేది.

ఇంతకూ మీ మూత పక్క గోడలు ఎంత వాలుగా ఉన్నాయి?

ఏటిగట్టు:
మూలమట్టం పెట్టి చూశాను. మూడు గోడలు నిట్టనిలువుగా ఉన్నాయి, నాలుగవది కిందికి వచ్చేసరికి నూలుమందం లోపలికే తిరిగింది.

పాతమేస్త్రి:
అలాగైతే మైనమూ పీవీఏ రెండూ ఉన్నా ఆ నాలుగో గోడ మోల్డ్‌ను వదలదు. నాలుగు గోడలకూ రెండు మూడు డిగ్రీల వాలు ఇచ్చి లప్పం మళ్లీ పట్టించండి. పాత పాలిష్ తగిలిన చోటంతా పూర్తిగా గీకేయండి, లేకపోతే కొత్త పెయింట్ కూడా గుంటలు పడుతుంది. ఆ తర్వాత అదే పెయింట్, అదే మైనం ఒక చెక్కముక్క మీద వేసి, అరచేతి వెడల్పు జెల్‌కోట్ పోసి చూడండి. అది గోరుతో లేచి వస్తే ప్యాటర్న్ మీద చేయి వేయవచ్చు.