ఒక్క పొర గ్రాఫీన్ ఎలక్ట్రాన్‌కి అడ్డమా, కాదా?

రేపల్లె కుర్రాడు: లోహం మీద గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ రేకు) ఒక్క పొర ఉంటే కింద లోహం ఎలక్ట్రాన్లు దాన్ని దాటి బయటికి వస్తాయా? ఒక సీనియర్ "ఆ పొర లేనట్టే" అన్నారు, ఇంకొకరు "గోడ" అన్నారు. ఏది నిజం?

వాక్యూమ్ వాసు: లేనట్టే తమ్ముడూ. నేను ఎస్టీఎం మీద పనిచేస్తా, అంటే సన్నటి సూదిని ఉపరితలానికి దగ్గరగా పెట్టి దానిలోకి దాటే ఎలక్ట్రాన్లని కొలిచే మైక్రోస్కోప్. ఇరిడియం మీద గ్రాఫీన్ పెంచి తక్కువ వోల్టేజీలో చూస్తే కింద ఇరిడియం సర్ఫేస్ స్టేట్ (లోహం ఉపరితలానికే పరిమితమైన ఎలక్ట్రాన్ స్థితి) పొరలోంచే కనిపిస్తుంది. గ్రాఫీన్ సొంత ఎలక్ట్రాన్లు ఫెర్మి లెవెల్ (ఎలక్ట్రాన్లు నిండే పై హద్దు ఎనర్జీ) దగ్గర, మొమెంటమ్ పటంలో మూలనుండే కె పాయింట్‌లో ఉంటాయి, వాటికి పక్కకి మొమెంటమ్ ఎక్కువ కాబట్టి వాక్యూమ్‌లో దాదాపు రెట్టింపు వేగంగా తగ్గిపోతాయి. సర్ఫేస్ స్టేట్ గామా (పక్కకి మొమెంటమ్ సున్నా అయ్యే చోటు) దగ్గర ఉంటుంది, అందుకే సూదికి అదే అందుతుంది.

కొలిమి: ఒప్పుకోను. లేనట్టే అయితే ఎక్స్‌పీఎస్‌లో (ఎక్స్‌రేలు కొట్టి, బయటికొచ్చే ఎలక్ట్రాన్లని ఎనర్జీ వారీగా లెక్కపెట్టే పద్ధతి) లోహం పీక్, అంటే దాని సిగ్నల్, ఎందుకు తగ్గుతుంది? ఎలక్ట్రాన్ ఎనర్జీ 1000 ఎలక్ట్రాన్ వోల్టులుంటే ఒక్క పొరకే సుమారు ఏడో వంతు పోతుంది, 100 దగ్గర దాదాపు సగం. నా పీహెచ్‌డీ రెండో ఏడాదిలో రాగి పీక్ తగ్గితే గైడ్ "గ్రాఫీన్ పారదర్శకం కదా, నీ శాంపిలే మురికి" అని నాలుగు నెలలు మళ్ళీ మళ్ళీ పెంచమన్నారు. ఆ నాలుగు నెలలు ఎవరిస్తారు నాకు?

గోదారి: ఏ ఎనర్జీ, ఏ లోహం? అది చెప్పకుండా కొట్టుకుంటే ఎలా

వాక్యూమ్ వాసు: కొలిమిగారూ, మీ గైడ్ మీద కోపం నా మీద చూపించకండి. నేను చెప్పేది ఫెర్మి లెవెల్ దగ్గర సంగతి.

కొలిమి: కోపం ఉంది, దాచను. సరే మీ లెవెల్ దగ్గరే మాట్లాడదాం. నికెల్ సంగతేంటి? ఇరిడియం మీద పొర సుమారు 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎత్తులో తేలుతుంది, నికెల్ మీద 2.1కి దిగిపోతుంది, నికెల్ డి ఆర్బిటళ్ళతో కలిసి డిరాక్ కోన్ (గ్రాఫీన్ ఎలక్ట్రాన్ల ఎనర్జీకుండే శంకువు ఆకారం) చెడిపోతుంది, మధ్యలోకి బంగారం పంపితే మళ్ళీ తిరిగొస్తుంది. మీ ఒక్క ఇరిడియం చూపించి అన్నిటికీ "లేనట్టే" అంటారా?

ఓరుగల్లు: అన్నా, నికెల్ మీద ఇంకోటి ఉంది. 2007ల లెక్క కట్టి చూపించిన్రు, రెండింటి లాటిస్, అంటే పరమాణువుల అమరిక కొలత, దగ్గరదగ్గర (2.46, 2.49 ఆంగ్‌స్ట్రామ్‌లు), కె దగ్గర నికెల్‌ల మైనారిటీ స్పిన్ (అయస్కాంత లోహంల తక్కువ ఎలక్ట్రాన్లకు ఉండే స్పిన్ దిక్కు) స్టేట్లే ఉంటయి. గ్రాఫీన్ పొరలు పెరిగితే ఆ స్పిన్ ఒక్కటే దాటుతది. గామా దగ్గర గ్రాఫీన్‌కు స్టేటే లేదు, అక్కడికెళ్ళి వచ్చేటివి టన్నెల్ కావాల్సిందే, అంటే స్టేట్ లేని అడ్డాన్ని క్వాంటం పద్ధతిల దాటాల్సిందే.

కొలిమి: అదే నేను మొదట్నుంచీ అంటున్నది! గామా దగ్గర స్టేట్ లేదు, కాబట్టి అది అడ్డం.

వాక్యూమ్ వాసు: స్టేట్ లేదు కాబట్టే నాకు గ్రాఫీన్ కనపడదు, వెనక లోహం కనపడుతుంది. నేను పారదర్శకం అన్నది అందుకే.

గోదారి: అంటే ఇద్దరూ ఒకే మాట పట్టుకుని రెండు వైపులా లాగుతున్నారు

వాక్యూమ్ వాసు: ఒక్క పొరైతే టన్నెలింగ్‌కి పెద్ద దూరం కాదు, నా మాట నిలబడుతుంది. నాలుగైదు పొరలైతే కొలిమిగారి మాట.

కొలిమి: ఇరిడియం మీద, ఫెర్మి లెవెల్ దగ్గర, ఒక్క పొర అని రాస్తే ఒప్పుకుంటా. "పారదర్శకం" అని ఉత్తినే రాస్తే మాత్రం ఒప్పుకోను, రేపు ఇంకో కుర్రాడి శాంపిల్‌ని మురికి అంటారు.

రేపల్లె కుర్రాడు: నాది రాగి మీద, ఎక్స్‌పీఎస్ కొలత. పీక్ తగ్గింది, నిన్ననే మళ్ళీ పెంచమన్నారు.