పాతిక వేల లోపు డ్రమ్ ప్యాడ్: సౌండ్స్ చూసి కొనాలా, దెబ్బ ఎలా పట్టుకుంటుందో చూసి కొనాలా?

గోదారి_గిటార్:
జానపదాలు, భజన పాటలు ఇంట్లోనే రికార్డ్ చేసే పని. లాప్‌టాప్, బయటి సౌండ్‌ని దాంట్లోకి పంపే రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. లూపులు వాడీ వాడీ అన్ని పాటలూ ఒకేలా వినిపిస్తున్నాయి, అందుకే కొట్టి వాయించే ఎలక్ట్రానిక్ ప్యాడ్ తీసుకోవాలనుకుంటున్నాను. పాతిక వేల దాకా పెట్టగలను. చూస్తున్నవి నాలుగు: యమహా డీడీ-75, అలెసిస్ శాంపిల్‌ప్యాడ్ ప్రో, అకాయ్ ఎంపీడీ218, లేదంటే సెకండ్ హ్యాండ్ రోలాండ్ ఎస్పీడీ-20. షాపుల్లో సౌండ్స్ ఎన్నున్నాయో చెబుతున్నారు తప్ప ఇంకేమీ చెప్పట్లేదు. రికార్డింగ్‌కి అసలు దేన్ని బట్టి తేల్చుకోవాలి?

లయలెక్క:
సౌండ్ల లెక్క పక్కన పెట్టండి. డీడీ-75లో 570, ఎస్పీడీ-20లో 700. ఒక పాటకి కావాల్సినవి ఎనిమిదో పదో. కంప్యూటర్‌లోకి మిడీ (సౌండ్ కాదు, ఏ ప్యాడ్ ఎప్పుడు ఎంత బలంగా కొట్టారన్న సమాచారం) వెళ్తుంటే అవి కూడా అక్కర్లేదు, అక్కడి సాఫ్ట్‌వేరే సౌండ్ మోగిస్తుంది. డ్రమ్స్ వరకైతే ఎంటీ పవర్ డ్రమ్‌కిట్ 2 అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఈ ప్యాడ్ల లోపలి కిట్ల కంటే బాగుంటుంది. మీరు ఎప్పుడు కొట్టారో, ఎంత బలంగా కొట్టారో తప్పు లేకుండా చెప్పడమే రికార్డింగ్‌లో ప్యాడ్ పని. అది చేతకాని ప్యాడ్‌లో వెయ్యి సౌండ్లున్నా దండగే.

షాపుకి లాప్‌టాప్ పట్టుకెళ్ళండి. రీపర్‌లో మిడీ రికార్డ్ చేసి, దెబ్బ బలం అంకెల్లో చూడండి. అది 1 నుంచి 127 వరకు ఉంటుంది. ఒకే ప్యాడ్ మీద మెల్లగా మొదలుపెట్టి పది దెబ్బల్లో గట్టి దెబ్బకి రండి. అంకెలు మెట్లుమెట్లుగా ఎక్కాలి. 45 తర్వాత ఒక్కసారిగా 110, ఆ తర్వాత అన్నీ 127 అని వస్తే ఆ ప్యాడ్‌లో మధ్య బలం లేనట్టే. వెలాసిటీ కర్వ్ (దెబ్బ బలాన్ని అంకెగా మార్చే సెట్టింగ్) మార్చి మళ్ళీ కొట్టండి, అప్పటికీ అదే తీరైతే వదిలేయండి. తర్వాత అదే బలంతో మధ్యలో, అంచుల్లో. సెన్సర్ ఎక్కడ అతికించి ఉంటే అక్కడ బలం ఎక్కువ చూపిస్తుంది. కొంత తేడా మామూలే, సగానికి సగం పడిపోతే పాటలో తెలిసిపోతుంది.

మూడోది క్రాస్‌టాక్. ఒక ప్యాడ్ గట్టిగా కొట్టి, పక్క ప్యాడ్ నోట్ కూడా నమోదైందేమో చూడండి. అన్ని ప్యాడ్లూ ఒకే ప్లాస్టిక్ డొక్కుకి బిగించి ఉంటాయి కాబట్టి అదురు పక్కదానికి పాకుతుంది. థ్రెషోల్డ్ (ప్యాడ్ లెక్కలోకి తీసుకునే కనీస బలం) పెంచితే ఆగుతుంది, కానీ దాంతోపాటు మెల్లటి దెబ్బలూ పోతాయి. ఒక దెబ్బకి రెండు నోట్లు రావడం ఇంకో జబ్బు. దానికి మాస్క్ టైమ్ (ఒక దెబ్బ పడ్డాక ప్యాడ్ ఇంకోదాన్ని పట్టించుకోని సమయం) పెంచమంటారు, అదీ జాగ్రత్తగా చెయ్యాలి. 160 టెంపోలో ముప్పై రెండో వంతు నోట్ల మధ్య ఎడం 47 మిల్లీసెకన్లే. మాస్క్ 50 పెట్టారంటే మీ రోల్‌లో సగం దెబ్బలు మాయం.

ఆర్కెస్ట్రా_ప్యాడ్స్:
లయలెక్క గారూ, మీరు చెప్పిందంతా డ్రమ్ కిట్‌కి సరిపోతుంది. ఆయన అడిగింది జానపదం, భజన. ఉచిత డ్రమ్ సాఫ్ట్‌వేర్‌లో దాదాపు అన్నీ కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్, సింబల్సే. డోలక్, తబలా, తాళాలు కావాలంటే ఎక్కడెక్కడో వెతికి శాంపిల్స్ (రికార్డ్ చేసిన దెబ్బల ముక్కలు) తెచ్చుకోవాలి. ఒకటి హాల్లో రికార్డ్ చేసింది, ఇంకొకటి గదిలో చేసింది, కలిపితే అతకవు. 1985లో రోలాండ్ పెట్టిన ఆక్టోప్యాడ్ అన్న పేరు మన దగ్గర ఏ కంపెనీ ప్యాడ్‌కైనా అంటుకుపోయిందంటే, మన ఆర్కెస్ట్రాలు వాటితో ఎంత పని నడిపాయో చూడండి. ఎస్పీడీ-20లో మన వాయిద్యాలు పాటలో కూర్చునేలా సిద్ధంగా ఉంటాయి.

రికార్డింగ్ కూడా తేలిక. లెఫ్ట్, రైట్ అవుట్‌పుట్లు తీసి ఇంటర్‌ఫేస్‌ రెండు ఇన్‌పుట్లకి పెట్టండి, రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) ఆఫ్ చెయ్యండి, రికార్డ్ నొక్కండి. సౌండ్ పెట్టెలోంచే వస్తుంది కాబట్టి ఆలస్యం అన్న మాటే రాదు. అన్నీ కలిపి ఒకే స్టీరియోలో పడతాయన్న భయం ఉంటే విడివిడిగా వాయించండి: ముందు డోలక్, ఆ ట్రాక్ వింటూ తాళాలు, చివర్లో ఫిల్స్ (ఖాళీల్లో నింపే చిన్న వాయింపులు).

లయలెక్క:
రివర్బ్ ఆఫ్ చెయ్యమన్న మాట వంద శాతం ఒప్పుకుంటాను, చాలామంది మర్చిపోయేది అదే. కానీ ఆడియో ఒక్కటే తీస్తే రెండో చరణంలో ఒక దెబ్బ తడబడితే మళ్ళీ వాయించాల్సిందే. మిడీ కూడా పక్కనే రికార్డ్ చేస్తే ఆ ఒక్క నోట్ జరిపి, దాన్నే ప్యాడ్‌కి తిరిగి పంపి ఆడియో తీసుకోవచ్చు.

ఆలస్యం గురించి లెక్క వేద్దాం. 48,000 శాంపిల్ రేట్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక విడతలో తీసుకునే శాంపిళ్ళ లెక్క) 128 పెడితే 2.7 మిల్లీసెకన్లు, 256 పెడితే 5.3. గుండ్రటి ప్లగ్గున్న మిడీ కేబుల్ మీద ఒక నోట్ పోవడానికి సుమారు 1 మిల్లీసెకన్. ప్యాడ్ దెబ్బని గుర్తించడానికి ఇంకొన్ని. అన్నీ కలిపి 10 లోపు ఉంటే చెయ్యి సర్దుకుంటుంది. విండోస్‌లో అయితే ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవరే (ఆలస్యం తగ్గించే ఆడియో డ్రైవర్) ఎంచుకోండి. ఇక బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని ప్యాడ్‌లో ఆలస్యం ఉందంటే అది ప్యాడ్ తప్పు కాదు. వాటిలోనే వంద మిల్లీసెకన్లు దాటిపోవడం మామూలు. వైరున్న హెడ్‌ఫోన్సే వాడండి.

తీన్మార్_స్టిక్:
ఇద్దరు పెద్దమనుషులూ డప్పు ముచ్చట మరిచిన్రు. జానపదం అన్నంక డప్పు లేకుంట ఎట్ల? ఏ పెట్టెల ఉన్న డప్పు సౌండైనా ఒకటే శాంపిల్, ఎన్నిసార్లు కొట్టినా అదే మోగుతది. తీన్మార్ ఎనిమిది బార్లు నడిచేసరికి మెషిన్ అని చెవికి దొరికిపోతది. సొంతంగ శాంపిల్ చేసుకునుడే దారి.

డప్పును మంటకు మంచిగ కాచి, వేడి తగ్గకముందే రికార్డ్ చెయ్యాలె. సల్లారితే శ్రుతి దిగుతది, ముందు తీసిన దెబ్బకు తర్వాత తీసిన దెబ్బ కలవది. మైక్ మీటర్ దూరం, పీక్ (అన్నిటికంటె గట్టి సౌండ్) మైనస్ 6 డెసిబెల్స్ దాటకుంట గెయిన్ పెట్టు. లావు పుల్ల మధ్యల, లావు పుల్ల అంచున, సన్న పుల్ల: ఈ మూడింటికీ మెల్లగ, మధ్యస్తంగ, గట్టిగ, ఒక్కొక్కటి నాలుగు దెబ్బలు. మొత్తం 36 ఫైళ్ళు. వీటిని సిఫర్జాండో అనే ఉచిత ప్లేయర్ల ఎస్‌ఎఫ్‌జెడ్ టెక్స్ట్ ఫైల్ (ఏ దెబ్బకు ఏ శాంపిల్ మోగాల్నో చెప్పేది) రాసి పెట్టుకుంటే, బలాన్ని బట్టి పొర మారుతది, నాలుగు దెబ్బలూ వంతుల వారీగ తిరుగుతయి. అప్పుడు డప్పు లెక్క వినిపిస్తది.

శాంపిల్‌ప్యాడ్ ప్రోల ఎస్‌డీ కార్డ్ మీద సొంత ఫైళ్ళు పెట్టొచ్చు, కార్డ్ 32 జీబీ దాకా. కానీ 16 బిట్ వేవ్ ఫైళ్ళే తీసుకుంటది. రీపర్ మామూలుగ 24 బిట్ల రెండర్ చేస్తది (ఫైల్‌గ తీస్తది), అది మార్చకపోతే ప్యాడ్ల ఫైల్ మోగది, మనం ప్యాడే ఖరాబైందనుకుంటం. ఇంకొకటి, ఫైల్ మొదట్ల ఉన్న నిశ్శబ్దం అంతా కోసెయ్. 15 మిల్లీసెకన్ల ఖాళీ వదిలితే ప్రతి దెబ్బా అంత లేట్. దాని యూఎస్‌బీల మిడీ ఒక్కటే పోతది, ఆడియో పోదు, అది కూడా యాదుంచుకో అన్నా.

వేళ్ళ_తబలా:
పుల్లల ప్యాడ్‌తో తబలా వాయించడం గురించి ఒక మాట. తబలా జతలో ఎడమ చేతిదైన డగ్గా మీద గె అనే దెబ్బ కొట్టాక మణికట్టుతో నొక్కి స్వరం జార్చడమే డగ్గా ప్రాణం. పుల్లతో కొట్టే ఏ చవక ప్యాడ్‌లోనూ అది రాదు. ఎంపీడీ218లో దెబ్బతోపాటు నొక్కుడు కూడా మిడీగా వెళ్తుంది. శాంప్లర్‌లో (శాంపిల్స్ మోగించే సాఫ్ట్‌వేర్‌లో) చానెల్ ప్రెషర్‌ని, అంటే ఆ నొక్కుడుని, పిచ్‌కి కట్టి రెండు మూడు సెమిటోన్లు (అర స్వరాలు) ఇవ్వండి, వేలు నొక్కి ఉంచితే గె పైకి లేస్తుంది. అయితే గె ప్యాడ్‌ని వేరే మిడీ చానెల్‌లో పెట్టాలి, లేకపోతే అదే సమయంలో మోగుతున్న తిన్ (కుడి తబలా దెబ్బ) కూడా జారిపోతుంది. ప్యాడ్‌కి ఏ చానెలో అకాయ్ వాళ్ళ ఎడిటర్‌లో మార్చుకోవచ్చు.

16 ప్యాడ్లు, యూఎస్‌బీ తీగ నుంచే కరెంట్, ఈ నాలుగింట్లో కొత్తవాటిలో చవక. దాంట్లో సొంత సౌండ్ ఒక్కటీ లేదు, లాప్‌టాప్ లేకపోతే మూగది. ఆయనకి లాప్‌టాప్ ఉంది కదా.

ఆర్కెస్ట్రా_ప్యాడ్స్:
గె జార్చే పద్ధతి బాగుంది, అది నిజంగా పనికొచ్చేది. కానీ ఎంపీడీ రబ్బర్ మొండిది. మెల్లటి దెబ్బలు పట్టించుకోదు, తిరకిట లాంటి తబలా బోల్ వేగంగా పడాలంటే వేళ్ళకి కష్టం. తబలా వేళ్ళు అలవాటున్నవాళ్ళకి సరే, డోలక్ సౌండ్‌ని ప్యాడ్ మీద పుల్లలతో వాయించడం అలవాటైన చేతికి మాత్రం పెద్ద ప్యాడే కావాలి. డీడీ-75లో హ్యాండ్ పెర్కషన్ బటన్ ఉంది, నొక్కితే చేత్తో వాయించడానికి తగ్గట్టు ప్యాడ్ల స్పందన మారుతుంది. మధ్యే మార్గం కావాలంటే అది.

సెకండ్ హ్యాండ్ ఎస్పీడీ-20 చూసేటప్పుడు ఎనిమిది ప్యాడ్లకీ ఒకే సౌండ్ పెట్టి వరసగా ఒకే బలంతో కొట్టండి. ఎక్కువ వాడిన రెండు మూడు ప్యాడ్లు మందగించి ఉండొచ్చు, సెన్సిటివిటీ పెంచితే సర్దుకుంటాయా చూడండి. తర్వాత అవుట్‌పుట్ జాక్‌ని మెల్లగా కదపండి, గరగర వస్తే సోల్డర్ పని ఉన్నట్టే. అమ్మేవాళ్ళు ఏదో ఒక అడాప్టర్ ఇస్తారు, వోల్టేజ్, పోలారిటీ పెట్టె వెనక రాసినదానితో సరిపోతేనే పెట్టండి.

గోదారి_గిటార్:
అందరికీ ధన్యవాదాలు. నాది పుల్లల చెయ్యే, కాబట్టి ఎంపీడీ పక్కన పెడుతున్నాను. డీడీ-75కి, ఎస్పీడీ-20కి యూఎస్‌బీ లేదు కదా, మామూలు మిడీ కేబుల్‌తో ఇబ్బంది ఉంటుందా? మాది అపార్ట్‌మెంట్, కింద వాళ్ళకి చప్పుడు వెళ్తుందా? కిక్ పెడల్ కూడా అవసరమా?

లయలెక్క:
యూఎస్‌బీ-మిడీ కేబుల్ పేరున్న కంపెనీది తీసుకోండి. మరీ చవకవి నోట్లు దగ్గరదగ్గరగా పడినప్పుడు కొన్ని మింగేస్తాయి. అన్నీ కలగాపులగంగా పదహారో వంతు రోల్స్ వాయించి, రికార్డైన నోట్లు లెక్కపెడితే తెలిసిపోతుంది. కేబుల్ మీద ఇన్, అవుట్ అని ఉంటాయి. ఏమీ రాకపోతే రెండు ప్లగ్గులూ తారుమారు చేసి చూడండి. కొన్నింట్లో ఇన్ అంటే ప్యాడ్ ఇన్‌లో పెట్టమని, కొన్నింట్లో ప్యాడ్ అవుట్‌ నుంచి తీసుకునేదని అర్థం. నోట్ వస్తూ సౌండ్ తప్పుగా మోగితే మ్యాపింగ్ (ఏ నోట్ నంబర్‌కి ఏ సౌండ్) చూడండి: కిక్ 36, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ (కాలితో తెరిచి మూసే జంట సింబల్స్) 42, తెరిచింది 46.

చప్పుడు గాల్లో కంటే స్టాండ్ కాళ్ళ గుండా ఎక్కువ దిగుతుంది. కాళ్ళ కింద మందపాటి రబ్బర్ మ్యాట్, దాని మీద ప్లైవుడ్ ముక్క వెయ్యండి. డీడీ-75 అయితే ఒళ్ళో పెట్టుకుని వాయిస్తే స్టాండ్ గొడవే లేదు, బ్యాటరీల మీదా నడుస్తుంది. బ్యాటరీతో ఇంకో లాభం: ఆడియో లైన్‌లో లాప్‌టాప్ చార్జర్ తెచ్చే ఝుం శబ్దం రాదు.

పెడల్ సంగతికొస్తే, చవక ప్యాడ్‌తో వచ్చే ప్లాస్టిక్ పెడల్ చాలావాటిలో ఉత్త స్విచ్. ఎంత గట్టిగా తొక్కినా ఒకే బలం వస్తుంది. హైహ్యాట్‌కి సగం తెరుచుకోవడం కూడా రాదు. తెరిచింది, మూసింది, అంతే.

ఆర్కెస్ట్రా_ప్యాడ్స్:
రికార్డింగ్‌కి పెడల్ మీద డబ్బు పెట్టకండి. కిక్‌ని ఒక ప్యాడ్ మీద పెట్టి, మిగతా వాయింపు అయ్యాక విడిగా పుల్లతో కొట్టండి. బలం మీ చేతిలో ఉంటుంది, భజన పాటల్లో కిక్ ఎలాగూ చరణానికి నాలుగైదు చోట్లే.